నెలకు 80 నిమిషాల థెరపీ ఏ మూలకు? దూరం నుంచి వచ్చే పిల్లల సంగతి

పిల్లకాలువ
వైకల్యం ఉన్న, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకి థెరపీ ఇచ్చే చోటు మాది. లెక్క వేస్తే గుండె గుభేలుమంటోంది. దూరం నుంచి వచ్చే పిల్లలకి నెలకు రెండు సెషన్లు దొరకడమే గగనం. ఒక్కొక్కటి 40 నిమిషాలు, అంటే మొత్తం 80 నిమిషాలు. బిడ్డ మెలకువగా ఉండేది రోజుకు 12 గంటలనుకున్నా నెలకు 360 గంటలు. ఆ 80 నిమిషాల్లోనూ ఏడుపు మాన్పించి, కొత్త మనిషికి అలవాటు చేసేసరికి పావుగంట పోతుంది. వెయిటింగ్ లిస్టు నెలల తరబడి సాగుతుంది, పిలుపు వచ్చేసరికి చాలామంది ఆశ వదిలేసి ఉంటారు. ఇంకోపక్క పిలిచినవాళ్లు రాక స్లాట్లు ఖాళీగా పోతుంటాయి. కొత్త థెరపిస్టులు ఇప్పట్లో రారు. ఉన్న ఫిజియో, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), స్పీచ్ వాళ్లతోనే ఎక్కువమంది పిల్లలకి అందాలంటే ఏం మార్చొచ్చు? "అవగాహన పెంచాలి" లాంటివి వద్దు. రేపు పొద్దున మొదలుపెట్టగలిగేవి చెప్పండి.

నడకబండి
ముందు ఆ లిస్టు సంగతి చూడండి. పేరు రాసిన వరుసలో పిలవడమే మొదటి తప్పు. పేరు రాసుకున్న రెండు మూడు వారాల్లోపు ప్రతి బిడ్డనీ ఒకసారి 20 నిమిషాలు చూడాలి. పూర్తి అసెస్‌మెంట్ కోసం కాదు, ఎవరు ఆగలేరో తేల్చుకోవడానికి.

తినేటప్పుడు పొలమారేవాళ్లు, బరువు పెరగనివాళ్లు ఆగలేరు. వచ్చిన మాటలు, వచ్చిన పనులు పోగొట్టుకుంటున్న పిల్లలనైతే అసలు థెరపీ లిస్టులో పెట్టి కూర్చోకూడదు, ఆ రోజే పిల్లల డాక్టరుకి పంపాలి. ఏడాది నిండకముందే ఒక్క చేతినే వాడే పసివాళ్లని కూడా ముందే చూడాలి. ఆ వయసులో కుడి ఎడమ వాటం ఏర్పడకూడదు. ఇంట్లోవాళ్లు ఎడమచేతి వాటమని మురిసిపోతుంటారు, రెండో చేతి పిడికిలి విప్పుకోవట్లేదన్నది కళ్లబడదు.

వంకరపాదంతో పుట్టిన బిడ్డకి పొన్సెటి పద్ధతిలో వారానికో కట్టు చొప్పున ఐదారు కట్లు పడతాయి, పుట్టిన మొదటి వారాల్లోనే మొదలైతే పని తేలిక. కట్లతో అయిపోదు. తర్వాత పట్టీ బూట్లు మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్ల వయసు దాకా నిద్రలో వేయాలి. పాదం మళ్లీ తిరిగిందంటే ఎక్కువసార్లు కారణం ఆ బూట్లు మానేయడమే. వినికిడికైతే లెక్క 1, 3, 6. నెలలోపు పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు మెషీనూ శిక్షణా మొదలవ్వాలి. వీళ్లెవరూ నెలల తరబడి వరుసలో నిలబడే పిల్లలు కారు.

లెక్కలపుస్తకం
ఖాళీ స్లాట్ల గురించి. "మూడుసార్లు రాకపోతే పేరు కొట్టేస్తాం" అనే నియమం ఉంటే ఇవాళే తీసేయండి. ఆ నియమానికి బలయ్యేది అందరికన్నా ఎక్కువ ఇబ్బంది ఉన్న పిల్లలు. రెండు బస్సులు మారి, పదేళ్ల బిడ్డని చంకనెత్తుకుని రావాల్సినవాళ్లే ఎక్కువసార్లు తప్పుతారు.

రాలేదని రాసి వదలకండి. ఎందుకు రాలేదో ఒక్క ముక్కలో రాయండి: జ్వరం, ఫిట్స్, ఎత్తుకొచ్చే మనిషి లేరు, ఇంట్లో రెండో బిడ్డని చూసేవాళ్లు లేరు, ఆ రోజు పనికి పోకపోతే గడవదు, ఎందుకొస్తున్నామో తెలియట్లేదు. మూడు నెలలు రాస్తే మీ చోట ఏది ఎక్కువో బయటపడుతుంది, మందు దానికే వేయాలి.

మెసేజ్ ఒక్కటే పంపితే లాభం లేదు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి "ఎలా వస్తున్నారు, ఎవరు తోడు" అని అడగండి. "వస్తున్నారా" అని అడిగితే మొహమాటానికి అవునంటారు. దగ్గర్లో ఉండి గంటలో రాగలిగిన కుటుంబాల పేర్లు విడిగా పెట్టుకోండి, ఖాళీ పడగానే వాళ్లకి ఫోన్. దూరం వాళ్లకి మాత్రం ఫిజియో, ఓటీ, స్పీచ్ మూడూ ఒకే రోజు పెట్టండి.

మాటమూట
ఆఖరి మాటతో నేను ఒప్పుకోను. మూడు సెషన్లు వరసగా పెడితే మూడోదానికి బిడ్డ వేలాడిపోతాడు. ఆ మూడోది దాదాపు ఎప్పుడూ స్పీచే! కాళ్లు సాగదీయించుకుని ఏడ్చి వచ్చిన బిడ్డ చేత మాటలు ఎలా పలికిస్తారు?

లెక్కలపుస్తకం
మాటమూట గారు చెప్పింది నిజమే, వరుస నేను సరిగా రాయలేదు. రోజు ఒకటే ఉండాలి, మధ్యలో తిండికీ కునుక్కీ గంటన్నర ఖాళీ ఉండాలి.

మాటమూట
అలాగైతే సరే. ఆ తిండి సమయాన్నే సెషన్ చేసుకోండి. ఫిజియో కూర్చోబెట్టే తీరు సరిచేస్తుంటే, ఓటీ చెంచా పట్టు చూస్తుంటే, నేను మింగడం చూస్తాను. ముగ్గురం విడివిడిగా 40 నిమిషాలు చూసినదానికన్నా కలిసి చూసిన 40 నిమిషాల్లో ఎక్కువ తేలుతుంది. పైగా ముగ్గురం అక్కడికక్కడే ఒక మాట అనుకుని ఇంటికి ఒకే మాట చెప్పి పంపొచ్చు. లేకపోతే ఒకరు తల నిటారుగా ఉంచమంటారు, ఇంకొకరు వెనక్కి వాల్చమంటారు, అమ్మ ఎవరి మాట వినాలి?

బొమ్మలపెట్టె
పిల్లకాలువ గారూ, మీ లెక్కలోనే జవాబుంది. 80 నిమిషాలని 120 చేసినా ఒరిగేది తక్కువ. ఆ 360 గంటల్లోకి థెరపీ ఎలా దూరుతుందన్నదే ప్రశ్న.

హోమ్ ప్రోగ్రామ్ అని కాగితం ఇస్తాం. 14 వ్యాయామాలు, ఒక్కోటి 10 సార్లు, రోజుకు మూడు పూటలు. ఎవరూ చేయరు, చేయలేరు. తర్వాతి సెషన్లో చేశారా అని అడిగితే తలవంచుకుంటారు, ఆ తర్వాత రావడమే మానేస్తారు. తప్పు ఆ కాగితానిది.

ఇంట్లోవాళ్లని ఒకటే అడగండి: "రోజులో మీకు బాగా కష్టంగా ఉండే పని ఏది?" స్నానమా, బట్టలా, తిండా, నిద్రా. వాళ్లు చెప్పినవాటిలో ఒకటి, మహా అయితే మూడు పనులు తీసుకోండి. ఉదాహరణకి చొక్కా. పొట్టి పీట మీద, వీపు గోడ మూలకి ఆనేలా కూర్చోబెట్టాలి. పాదాలు రెండూ నేలకి పూర్తిగా తగలాలి, వేలాడితే ఒళ్లంతా బిగుసుకుంటుంది. తొడిగేటప్పుడు బిగుతుగా ఉన్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చెయ్యి ఆఖర్న. వేళ్లు పట్టి లాగకూడదు. మీ చేతిని చొక్కా చేతిలోంచి దూర్చి, బిడ్డ మణికట్టు పట్టుకుని, మోచెయ్యి నెమ్మదిగా చాచి ఇవతలకి తేవాలి. తల దూరాక చొక్కా అంచు పొట్ట దగ్గర ఆపేయండి. ఆ అంచు కిందికి లాక్కోవడం ఒక్కటే బిడ్డ పని. అది వచ్చాక రొమ్ము దగ్గర ఆపండి, తర్వాత మెడ దగ్గర. పని ఎప్పుడూ బిడ్డ చేతుల్లో పూర్తవ్వాలి, అందుకే చివర నుంచి నేర్పడం. రోజుకు రెండుసార్లు ఎలాగూ చొక్కా మారుస్తారు. వేరే సమయం అక్కర్లేదు.

2009లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం) పిల్లల ఇళ్లలో ఓటీ పనులు చేయించి చూశారు. కుటుంబాలు చేసింది సగటున నెలకు 17, 18 సార్లు, ప్రతిసారీ 16, 17 నిమిషాలు. 8 వారాలకే తేడా కనబడింది. రోజూ మూడు పూటలు అక్కర్లేదు, కుటుంబం తానుగా ఎంచుకున్న పని అయితే చాలు.

వెన్నెల_గడప
ఇదంతా బాగానే ఉంది గానీ ఒకటి చెప్పాలి. ఇంట్లో చేయించండి అన్న ప్రతి మాటా చివరికి అమ్మ నెత్తినే పడుతుంది. ఎత్తేది, కడిగేది, తినిపించేది, రాత్రి లేచి పక్కకి తిప్పేది ఆమే. ఫిజియో చెప్పిన అరగంట, ఓటీ చెప్పిన అరగంట, స్పీచ్ చెప్పిన అరగంట కలిపితే ఎంతో ఏ ఒక్కరూ కూడి చూడరు. ఆమె నడుము సంగతి ఏ ఫైల్లోనూ ఉండదు. అమ్మ థెరపిస్టు కాదండీ, అమ్మ.

పిల్లకాలువ
వెన్నెల_గడప గారూ, ఈ కోణం నా లెక్కలో లేనే లేదు. చెప్పినందుకు ధన్యవాదాలు.

బొమ్మలపెట్టె
ఆవిడ అన్నది అక్షరాలా నిజం. అందుకే ముగ్గురి పనులూ ఒకే కాగితం మీద ఉండాలి, మొత్తం విడి సమయం రోజుకు 20 నిమిషాలు దాటకూడదు. కొత్త పని చెప్పే ముందు "దీనికోసం ఏది ఆపేద్దాం" అని అడిగి తీరాలి. నాన్న, అమ్మమ్మ, అన్న ఎవరికి ఏది వస్తుందో పేరు పెట్టి రాయాలి. ఎత్తే పద్ధతి మొదటి సెషన్లోనే నేర్పాలి: బిడ్డని ముందు పక్కకి దొర్లించి, మోకాళ్లు ముడిచి, తన ఒంటికి హత్తుకుని, నడుము కాకుండా మోకాళ్లు వంచి లేవాలి.

నేర్పే తీరు కూడా మార్చాలి. మనం చేసి చూపిస్తాం, వాళ్లు తలూపుతారు, ఇంటికెళ్లాక ఏమీ గుర్తుండదు. ఒకసారి మనం చేయాలి, రెండుసార్లు వాళ్లు చేయాలి. ఆ రెండోసారిని వాళ్ల ఫోన్లోనే నిమిషంలోపు వీడియో తీయాలి. అందులో కనబడాల్సింది మన చేతులు కాదు, వాళ్ల చేతులు. మూడో రోజు ఒక ఫోన్ చేయాలి. అనుమానాలు పుట్టేది మూడో రోజుకే, వారం ఆగితే అప్పటికే మానేసి ఉంటారు.

చెక్కపని
కూర్చోవడం గురించి ఇందాక చెప్పారు కాబట్టి కుర్చీ సంగతి నేను చెబుతాను. రోజుకు నాలుగు గంటలు సరైన కుర్చీలో కూర్చుంటే అది కూడా థెరపీయే, దానికి ఏ స్లాటూ అక్కర్లేదు. కొలతలు మూడు. పిరుదు వెనక నుంచి మోకాలి వెనక దాకా కొలిచి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గిస్తే సీటు లోతు. మోకాలి వెనక నుంచి మడమ కింద దాకా ఫుట్‌రెస్ట్ ఎత్తు. తుంటి వెడల్పుకి రెండు సెంటీమీటర్లు కలిపితే సీటు వెడల్పు. మూడూ బిడ్డని గట్టి బల్ల మీద కూర్చోబెట్టి కొలవాలి, మంచం మీద కొలిస్తే తప్పుతాయి.

ఎక్కువగా చేసే తప్పు, పెరిగే బిడ్డ కదా అని సీటు లోతు ఎక్కువ పెట్టడం. వీపు ఆనడానికి బిడ్డ ముందుకి జారతాడు, నడుము గూనిలా వంగుతుంది, అప్పుడు తలా నిలవదు చేతులూ లేవవు. ఎదిగేకొద్దీ తీసేయడానికి వీపు వెనక తీసిపెట్టే పలక పెట్టండి. రెండో తప్పు ప్రమాదం: తుంటి బెల్టు లేకుండా రొమ్ముకి పట్టీ కట్టడం. కిందికి జారితే ఆ పట్టీ మెడ మీదకి వస్తుంది. తుంటి బెల్టు తొడ మడత మీదుగా, సీటుకి 45 డిగ్రీల వాలులో ముందుండాలి, మిగతావి తర్వాత.

చెక్క దొరకనిచోట అట్టలతో చేయొచ్చు. జింబాబ్వేలో మొదలైన కాగితపు పద్ధతి ఇది. అట్టల గీతలు ఒకసారి అడ్డంగా ఒకసారి నిలువుగా వచ్చేలా పొరలు పేర్చి, పిండి జిగురుతో అంటించి, బరువు పెట్టి ఆరబెట్టాలి. తొందరపడి రంగు వేస్తే లోపలి తేమ బయటికి పోక బూజు పడుతుంది, నాలుగు నెలల్లో కుంగిపోతుంది. పూర్తిగా ఎండాక పెద్ద మనిషి కూర్చుని చూసి, అప్పుడు బిడ్డకి ఇవ్వాలి. ఆరు నెలలకోసారి మళ్లీ కొలవాలి.

గోరింక
మరి నిలబెట్టే ఫ్రేమ్? అందరికీ అవసరమా?

నడకబండి
అందరికీ కాదు. సొంతంగా నిలబడలేని, నడవలేని పిల్లలకి. సీపీ పిల్లలు ఎంత కదలగలరో చెప్పే జీఎమ్‌ఎఫ్‌సీఎస్ అనే అయిదు మెట్ల వర్గీకరణలో (5 అంటే అన్నిటికన్నా తీవ్రం) 4, 5 స్థాయిల వాళ్లకి ముఖ్యం. అదీ ఎక్స్‌రే చూశాకే. సీపీలో తొడ ఎముక తల తుంటి గిన్నెలోంచి మెల్లగా బయటికి జరుగుతుంది, మొదట్లో నొప్పి కూడా ఉండదు. ఆస్ట్రేలియా లెక్కల్లో 1వ స్థాయి పిల్లల్లో ఇది దాదాపు లేదు, 5వ స్థాయిలో 90 శాతం. ఎక్స్‌రేలో ఎముక తల 30 శాతానికి మించి బయటికి వస్తే ఎముకల సర్జన్‌కి పంపాలి. స్వీడన్‌లో 1994 నుంచి క్రమం తప్పకుండా అలా చూస్తూ వచ్చారు, తుంటి పూర్తిగా జారిపోవడం అరుదైపోయింది. లెక్కలపుస్తకం గారు చెప్పిన "తరచూ రానివాళ్లు" ఈ 5వ స్థాయి పిల్లలే. డైపర్ మార్చేటప్పుడు తొడలు విడదీయడం కష్టమవుతోందా అని ఫోన్లో అడగండి. అవునంటే స్లాట్ కోసం ఆగొద్దు, ఎక్స్‌రేకి పంపండి.

గోరింక
ఈ ఒక్క ప్రశ్న ఫోన్ చేసేవాళ్ల బల్ల మీద అంటించిపెట్టాలి.

మాటమూట
వీడియో కాల్ గురించి ఎవరూ ఎత్తలేదు. పని చేస్తుంది, కానీ అన్నిటికీ కాదు. మొదటిసారి ఒంటి బిగుతు చూడటానికీ, మింగడం పరీక్షకీ, కట్లకీ, చేతికో కాలికో తొడిగే స్ప్లింట్ కొలతకీ పనికిరాదు. తర్వాతి సలహాలకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే బిడ్డ తన ఇంట్లో తన వస్తువులతో ఉంటాడు. ఫోన్ బిడ్డ కళ్ల ఎత్తులో, నాలుగైదు అడుగుల దూరంలో, అడ్డంగా ఆనించిపెట్టాలి. వెలుతురు ముఖం మీద పడాలి. ఫోన్ అమ్మ చేతిలో ఉంటే ఆ సెషన్ దండగే, ఆమె చేతులు బిడ్డ దగ్గర ఉండాలి కదా. నేను బిడ్డతో ఆడను, అమ్మకి చెబుతాను, అమ్మ ఆడుతుంది.

నెట్ సరిగా లేనిచోట రెండు నిమిషాల వీడియో ముందే పంపమనండి. మామూలు ఫోన్లో మాట్లాడుకుంటే సరిపోతుంది.

ఇక మాట రాని పిల్లల విషయంలో స్లాట్ దొరికేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. ఒక అట్ట మీద నాలుగు బొమ్మలు చాలు: కావాలి, వద్దు, ఇంకా, నొప్పి. అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగాలి. చాలామంది రెండు లెక్కపెట్టేలోపే మళ్లీ అడుగుతారు, బిడ్డ చెయ్యి అప్పటికే కదలబోతూ ఉంటుంది! బొమ్మలు వాడితే మాట రాదన్న భయం వద్దు, బొమ్మలు మాటకి అడ్డు రావు.

తినిపించడంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. పూటకి అరగంట దాటుతున్నా, తిన్నాక గొంతు గరగరలాడుతున్నా, జలుబు లేకుండా మాటిమాటికీ ఛాతీ పట్టేస్తున్నా వెంటనే పంపండి.

పాతచెట్టు
దూరం తగ్గించే దారి ఇంకోటుంది. 1978 అల్మా అటా సమావేశం తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకు తెచ్చిన సముదాయ పునరావాసం. అదే ఊళ్లో ఉండే కార్యకర్తకి శిక్షణ ఇచ్చి ఇళ్లకి పంపడం. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 26వ అధికరణం కూడా ఇదే చెబుతుంది: సేవలు వీలైనంత తొందరగా మొదలవ్వాలి, పల్లెలతో సహా మనుషులు ఉండేచోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి. దయ చూపమని కాదు, అది వాళ్ల హక్కు.

తల్లిదండ్రుల గుంపులు కూడా పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సంరక్షకుల శిక్షణలో 9 గుంపు సమావేశాలు, 3 ఇంటి సందర్శనలు. 2 నుంచి 9 ఏళ్ల మధ్య, ఎదుగుదల ఆలస్యమైన పిల్లల ఇళ్లకోసం. నడిపేవాళ్లు నిపుణులే కానక్కర్లేదు.

నడకబండి
గుంపులు సరే. కార్యకర్త చేత చేతులు కాళ్లు సాగదీయించడం దగ్గర నాకు భయం. నడవని పిల్లల ఎముకలు పలచన, కొన్ని ఫిట్స్ మందులు ఇంకా పలచన చేస్తాయి. బలంగా మోకాలు చాచితే తొడ ఎముక విరుగుతుంది. మాట రాని బిడ్డ అయితే రెండు రోజుల దాకా ఎవరికీ తెలియదు.

పిక్క సాగదీయడమే చూడండి. ఎక్కువమంది పాదం ముందు భాగం పట్టి పైకి నెడతారు. మడమ అక్కడే ఉండిపోతుంది, పాదం మధ్యలో విరిగినట్టు వంగుతుంది. కొన్నాళ్లకి అరికాలు పడవ అడుగులా తయారవుతుంది. మడమ అరచేతిలో ఇమడాలి, ముంజేయి అరికాలికి ఆనాలి, పాదం ఒకింత లోపలికి తిరిగి ఉండాలి, అప్పుడు మడమని కిందికి లాగాలి. ఇంత చేసినా చేత్తో కొన్ని నిమిషాలు సాగదీసినదానికి నిలిచే ఫలం తక్కువ. గంటల తరబడి సరిగ్గా కూర్చోవడం, నిలబడటం, స్ప్లింట్ వేసుకోవడం ఇంతకన్నా మేలు.

పాతచెట్టు
అయితే కార్యకర్తకి సాగదీసే పని వద్దే వద్దు. కూర్చోబెట్టడం, ఎత్తడం, ఆట, బొమ్మల అట్ట, కుర్చీ కొలత, మీరు చెప్పిన డైపర్ ప్రశ్న, ఇవి చాలు. ఆపి ఫోన్ చేయాల్సిన గుర్తులు కూడా రాసిద్దాం: ఏదైనా అవయవం వాచింది, ముట్టుకుంటే కొత్తగా ఏడుస్తోంది, ఫిట్స్ పెరిగాయి. థెరపిస్టు నెలకోరోజు కార్యకర్తతో కలిసి ఇళ్లు తిరగాలి. ఆ రోజు లేకపోతే ఈ పద్ధతి ఏడాదిలో వాడిపోతుంది.

నడకబండి
ఆ హద్దులుంటే నాకే అభ్యంతరం లేదు. నెలలో ఆ రోజుకి నేను ముందుంటాను.

వెన్నెల_గడప
ఇంకో మాట. ఈ సెషన్లకి అంతమనేది ఉండదా? ఏళ్లు గడుస్తాయి, ఎక్కడిదాకా వచ్చామో ఎవరూ చెప్పరు.

బొమ్మలపెట్టె
ఉండాలి. 8 నుంచి 12 వారాల విడతలుగా చేయాలి. విడత మొదట్లోనే ఇప్పుడున్న స్థితికి మైనస్ 2, అనుకున్నంత వస్తే 0, అంతకు మించితే ప్లస్ 1, ప్లస్ 2 అని ఇంటివాళ్లతో కలిసి మాటల్లో రాసుకోవాలి. 1968 నుంచి వాడుకలో ఉన్న పద్ధతే. "మైనస్ 2: చొక్కా అంతా అమ్మే వేస్తుంది. 0: మెడ దగ్గర నుంచి తానే లాక్కుంటాడు." ఇలా ఎవరికైనా అర్థమయ్యేలా. విడత అయ్యాక విరామం. ఆ ఖాళీలోకి లిస్టులోంచి ఇంకో బిడ్డ వస్తుంది.

వెన్నెల_గడప
విరామం అంటే మళ్లీ లిస్టు చివరికి నెట్టేయడమేగా?

లెక్కలపుస్తకం
అలా నెడితే మోసమే. తిరిగి రావాల్సిన సందర్భాలు కాగితం మీద ముందే రాసివ్వాలి: ఒక్కసారిగా పొడవు పెరిగినప్పుడు, ఆపరేషనో, బిగుసుకున్న కండరాలు వదులుచేసే బోటాక్స్ సూదో అయినప్పుడు, బడిలో చేరేటప్పుడు, స్ప్లింట్ బిగుతైనప్పుడు. వీటిలో ఏదున్నా లిస్టుతో పని లేకుండా రెండు వారాల్లో పిలవాలి. అందుకోసం వారానికి రెండు స్లాట్లు ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టండి.

పిల్లకాలువ
సోమవారం నుంచి 20 నిమిషాల చూపు మొదలుపెడుతున్నాం, రోజుకు ముగ్గురు. మూడుసార్ల నియమం ఇవాళే చించేశాను. ముగ్గురి పనులూ ఉండే ఆ ఒక్క కాగితం ఎక్కడ ఉంచాలి, మా ఫైల్లోనా?

వెన్నెల_గడప
ఇంట్లో, మా దగ్గర. గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు ఇవ్వండి. మొదటి పేజీలో బిడ్డ పేరు, ఫిట్స్ ఉన్నాయా, ఏ మందు ఎంత, ఎలా ఎత్తాలి, ఎలా తినిపించాలి, నొప్పయితే ఎలా తెలుపుతాడు, ఎవరికి ఫోన్ చేయాలి. మేమెక్కడికి వెళ్లినా మొదట్నుంచీ మళ్లీ చెప్పుకోనక్కర్లేకుండా. పెన్ను దారంతో కట్టి ఇవ్వండి, ఇంట్లో వెతికితే దొరకదు.